గచ్చు మీద కూడికలు

వేసవి సెలవులు ఇచ్చే ముందురోజు మా బడి పెద్దమేడం అమ్మని పిలిపించి, వచ్చే ఏడాది నుంచి నాకు లెక్కలు చెప్పబోమని చాలా మర్యాదగా చెప్పింది.

"అంకెలతో పిల్లని బాధపెట్టడం ఎందుకమ్మా," అంది. "చేతిపనుల గదిలో వేస్తాం. రంగులు, పాటలు, పూసలు గుచ్చడం. హాయిగా ఉంటుంది."

నేను అమ్మ పక్కనే చక్రాల కుర్చీలో ఉన్నాను. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. డాక్టర్లు నా జబ్బుని సెరిబ్రల్ పాల్సీ అంటారు. పుట్టేటప్పుడు మెదడుకి గాలి అందలేదట. దాంతో కాళ్ళు బిగుసుకుపోయాయి. చేతులు నేనొకటి తలిస్తే అవొకటి చేస్తాయి. మాట గొంతు దాటి పెదాల దాకా వచ్చేసరికి ఎదుటి మనిషి సంగతి మార్చేస్తాడు. చెవులకి మాత్రం ఏ లోపమూ లేదు. ఆ సంగతి చాలామంది మరిచిపోతారు, పెద్దమేడం కూడా మరిచిపోయింది. పూసలు గుచ్చలేని చేతులకి పూసల పని పురమాయించి, అంతో ఇంతో పనిచేసే తలకి సెలవు ఇచ్చేసింది.

అమ్మ "సరేనండీ" అంది.

అమ్మది ఆస్పత్రి లాండ్రీలో పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దుప్పట్లు మడతపెడుతుంది. ఎవరేమన్నా నోరు మెదపదు. ఆ రోజూ నన్ను తోసుకుంటూ ఇంటి దారి పట్టింది. వీధి మలుపులో నేను "వద్దు" అన్నాను.

"ఏం వద్దు, కన్నా?"

"పూసలు."

"పోనీలే. నీకు కష్టం కాకుండా ఉంటే చాలు," అంది. అమ్మకి నా విషయంలో ఆ పోనీలే ఊతపదం. మందూ అదే, మంత్రమూ అదే.

నాన్న ఇళ్ళకీ కొట్లకీ గచ్చు మీద టైల్స్ పరిచే మేస్త్రీ. సెలవులకి నాలుగు రోజుల ముందు టైల్స్ పెట్టె ఒకటి జారి ఆయన పాదం మీద పడింది. మూడు ఎముకలు విరిగాయి. మోకాలి దాకా కట్టు కట్టి, రెండు నెలలు కాలు కింద పెట్టొద్దన్నారు. ఇంట్లో ఒక్క పూట కుదురుగా కూర్చుని ఎరగని మనిషి, కట్టు కాలు బారజాపుకుని రోజంతా గచ్చు మీద కూర్చోవాల్సొచ్చింది. అమ్మ పనికి పోయేది. ఇంట్లో మేమిద్దరమే. నేను కుర్చీలో లేనప్పుడు ఉండేదీ గచ్చు మీదే కాబట్టి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాన్నా నేనూ ఒకే ఎత్తులో ఉన్నాం.

అప్పటిదాకా మా ఇద్దరి మధ్య ముద్దే తప్ప మాట లేదు. నేనేమన్నా నాన్న అమ్మ వైపు చూసేవాడు, ఏమంటోంది అన్నట్టు. ఇప్పుడు చూడటానికి అమ్మ లేదు.

మొదటి వారం ఇద్దరం మొహాలు చూసుకుంటూ గడిపాం. రెండో వారంలో ఆయన విసుగెత్తి, బడి వాళ్ళు సెలవులకని ఇచ్చిన పూసల దండ బయటికి తీశాడు. కొన్ని పూసలు విడదీసి నా ముందు పరిచాడు.

"ఎన్నున్నాయో చెప్పు, మేస్త్రమ్మా."

ఆయన నన్ను మేస్త్రమ్మా అనే పిలుస్తాడు. కుర్చీలో కూర్చుని అందరి పనీ చూస్తూ ఉంటానని.

నేను లెక్కపెట్టాను. ఒకటి మీద చెయ్యి వేశాను. రెండు. మూడు దగ్గర చెయ్యి ఎగిరిపడి మళ్ళీ దాని మీదే దిగింది. నోరు మాత్రం తన దారిన తాను నాలుగు అనేసింది. ఆ కుదుపుకి ఇంకో పూస దొర్లి గోడ దగ్గరికి పోయింది. చివరికి "ఎనిమిది" అన్నాను.

బడిలో ఇలాంటప్పుడు "చాలా బాగుంది, తల్లీ" అని పుస్తకం మీద నక్షత్రం అతికించేవాళ్ళు. నా పుస్తకాల నిండా నక్షత్రాలే. ఏడు అన్నా నక్షత్రమే, డెబ్బై అన్నా నక్షత్రమే. నాకు లెక్కలు రావని నేనే నమ్మేశాను, ఎందుకంటే ఏం చెప్పినా ఒకటే జవాబు వచ్చే చోట నేర్చుకోవడానికి ఏముంటుంది?

నాన్న ఆ పూట టీ గ్లాసు పెదాల దగ్గర పెట్టుకుని, గోడ వైపు చూస్తూ, పనిలో కుర్రాళ్ళతో అనే గొంతుతోనే, అలవాటు కొద్దీ అనేశాడు.

"తప్పు. ఏడే. మళ్ళీ చూడు."

అన్న వెంటనే గ్లాసు కింద పెట్టాడు. "అయ్యో, నా తల్లీ, అలా కాదు..." అని దగ్గరికి జరగబోయాడు.

నేను నవ్వుతున్నాను. నాకు నవ్వొస్తే ఒళ్ళంతా నవ్వుతుంది, కాళ్ళు కొట్టుకుంటాయి, చొంగ కారుతుంది, చూసేవాళ్ళకి మూర్ఛేమో అనిపిస్తుంది. నాన్న కాసేపు కంగారుగా చూసి, అది నవ్వే అని అర్థమయ్యాక మెల్లగా వెనక్కి ఒరిగాడు.

"మళ్ళీ," అన్నాను.

మళ్ళీ పరిచాడు. మళ్ళీ తప్పాను. ఈసారి ఆయన పూసల్ని కాదు, నా చేతిని చూశాడు. మేస్త్రీ కదా, గచ్చు ఎగుడుదిగుడుగా వస్తే టైల్‌ని తిట్టడు, కింద పరిచిన మట్టిలో ఎక్కడ లోపముందో చూస్తాడు. మూడోసారికి కనిపెట్టాడు.

"నీ చెయ్యి ఒకదాన్ని రెండుసార్లు ముట్టుకుంటోంది. నీ లెక్క సరిగ్గానే ఉంది. చెయ్యి అబద్ధం చెబుతోంది."

ఆ మాట నాకు ఇప్పటికీ కంఠస్థమే. తొమ్మిదేళ్ళకి ఒక మనిషి నా చేతినీ నన్నూ విడదీసి చూశాడు.

"చేతులు ఒళ్ళో పెట్టుకో. ముట్టుకునే పని నాది. నువ్వు కళ్ళతో లెక్కపెట్టు," అన్నాడు. తన చేతికర్ర కొనతో ఒక్కో పూసనీ ముట్టుకుంటూ పోయాడు. నేను మనసులో అనుకుంటూ వచ్చాను.

"ఏడు."

"ఒప్పు," అన్నాడు. దాని మీద మరో మాట లేదు. నక్షత్రమూ లేదు.

*

మర్నాటి నుంచి ఆయనకి అదే ధ్యాస. నా లెక్కని ఒక పాడైపోయిన గచ్చులా తీసుకున్నాడు.

ముందు నా కూర్చోవడం సరిచేశాడు. కుర్చీలోనైనా కిందైనా నేను సగం బలం పడిపోకుండా ఉండటానికే ఖర్చుపెట్టేదాన్ని. ఒక పక్కకి ఒరుగుతున్నానా, తల వాలుతోందా, ఇదే చింత. నాన్న రెండు ఇసుక బస్తాలు దేకుతూ లాక్కొచ్చి నాకు అటొకటి ఇటొకటి ఆనించాడు. నా పాదాలు గోడకి తన్నిపట్టేట్టు పెట్టాడు. పడిపోతానన్న భయం పోయాక తలలో చోటు దొరికింది. అంతకాలం నా తల నిండా ఒళ్ళే ఉండేదని అప్పుడు తెలిసింది.

తర్వాత జవాబు సంగతి. ఎనిమిదికి అయిదు కలపమంటే కలిపేదాన్ని. ఆ పదమూడుని నోట్లోంచి బయటికి తోసేసరికి ప్రాణం తోకకొచ్చేది. దాన్ని బయటపెట్టే హడావుడిలో దానికి ఇంకో నాలుగు కలపాలన్న సంగతి ఎగిరిపోయేది. నాన్న మిగిలిపోయిన టైల్ ముక్కల మీద సున్నా నుంచి తొమ్మిది దాకా పెద్ద అంకెలు చెక్కాడు. వరసగా పక్కపక్కన పెట్టాడు. నేను నాలుగు మీద పిడికిలి వెయ్యబోతే అది అయిదు మీద పడింది. ఆయన పది ముక్కల్నీ రెండు వరసలు చేసి జానెడేసి దూరం జరిపాడు. ఇక నా పిడికిలి ఎంత తూలినా పక్క అంకె మీద పడటానికి వీల్లేదు. గుర్తు పెట్టుకోవాల్సిన అంకె ఉంటే ఆ ముక్క తీసి నా ముందు పెట్టేవాడు. "ఇది నేను పట్టుకుంటా. నువ్వు ముందుకి పో."

కూడికలు పెద్ద అంకెలకి వచ్చాక పూసలు చాలలేదు. ఒక పొద్దున ఆయన గచ్చుని కాసేపు తేరిపార చూసి, తనలో తాను నవ్వుకున్నాడు.

మా గది పది అడుగులకి పది అడుగులు. ఆ గచ్చుని ఆయనే, పని చేసిన చోటల్లా మిగిలిన టైల్స్‌తో నింపాడు. ఒక్కోటీ అడుగు. ఏ రెండిటికీ రంగు కలవదు. ఒకటి నీలం, ఒకటి ఇటుక రంగు, ఒకదాని మీద ఎవరి స్నానాలగదిదో చేప బొమ్మ. పదేసి చొప్పున పది వరసలు.

"మేస్త్రమ్మా, మనం వంద మీద కాపురం చేస్తున్నాం," అన్నాడు.

మంచం అడ్డంగా ఉంది. ఇరుగింటి దర్జీని కేకేసి, తను గచ్చు మీద కూర్చునే నెడుతూ, ఇద్దరూ కలిసి మంచాన్ని వసారాలోకి తోశారు. బీరువాని వంటింట్లోకి జరిపారు. నేను బోర్లా పడుకుని మోచేతుల మీద పాకడం మొదలుపెట్టాను. ఎనిమిదో టైల్ మీద ఉన్నాను, అయిదు ముందుకి పోవాలి. రెండు పాకితే వరస అయిపోయింది, అంటే పది. తిరిగి కింది వరసలో మూడు. చేప బొమ్మ. అదే పదమూడు. తీసివేతకి వెనక్కి పాకాలి. వేళ్ళతో లెక్కపెట్టుకోలేని నేను ఒళ్ళంతటితోనూ లెక్కపెట్టాను. ఒక్క కూడికకి పావుగంట. అయినా ఆ పావుగంట నాది.

అమ్మ వచ్చేసరికి మంచం వసారాలో ఉంది.

"ఇల్లు ఖాళీ చేస్తున్నామా?" అంది గుమ్మంలోంచి. ఆపైన నా మోచేతులు చూసింది. చర్మం లేచిపోయి ఉంది.

"ఏవండీ, ఏం చేశారు పిల్లని?"

"లెక్కలు చేస్తోంది. నలభై ఆరు దాకా వచ్చింది."

"రక్తం వస్తోంది."

"నా మోకాళ్ళకీ వచ్చేది, పని నేర్చుకునేటప్పుడు."

"మీరూ అదీ ఒకటేనా?" అమ్మ గొంతు పెంచడం నేను అదే మొదటిసారి వినడం. "తొమ్మిదేళ్ళ నుంచి డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నదాన్ని నేను. నడుస్తుందన్నారు, ఆశపడ్డా. మాటలు బాగా వస్తాయన్నారు, ఆశపడ్డా. ఇప్పుడు మీరు తయారయ్యారు. రేపు మళ్ళీ రాదంటే దాని మొహం ఎవరు చూడాలి? నేను. మీ కాలు నయమైతే మీరు పనికి పోతారు."

నాన్న దేకుతూ పోయి తడిగుడ్డ తెచ్చిచ్చాడు. 

అమ్మ నన్ను ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకుని తడిగుడ్డతో మోచేతులు తుడవసాగింది. "పోనీలే, కన్నా. నీకు రాకపోతే ఏం? బంగారానివి నువ్వు."

"అమ్మా," అన్నాను. ఈ మాటలు ఇక్కడ ఒక వరసలో రాసేస్తున్నాను గానీ, అప్పుడు నాకు నాలుగు విడతలు పట్టింది. "నాన్న నన్ను తప్పు అంటాడు. నువ్వు అనవు."

"నేనెందుకంటానమ్మా?"

"నువ్వు కూడా అను."

అమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది.  వంటింట్లోకి పోయింది. బీరువా అడ్డమొచ్చి మోచెయ్యి కొట్టుకుంది, దాన్నే నాలుగు తిట్టింది. మర్నాడు లాండ్రీ నుంచి వస్తూ రెండు పాత దుప్పటి ముక్కలు తెచ్చి, మడతలు పెట్టి, నా మోచేతులకి పట్టీలు కుట్టింది. కుడుతూ, మా వైపు తిరక్కుండానే అంది.

"లాండ్రీలో మేం దుప్పట్లు పదేసి కట్టలు కడతాం. నాలుగు కట్టలు, విడిగా ఏడు. మూడు కట్టలు, విడిగా ఆరు. మొత్తం ఎన్ని?"

నేను పాకలేదు. కళ్ళు మూసుకున్నాను. నాలుగూ మూడూ ఏడు వరసలు. ఏడూ ఆరూ కలిస్తే వరస నిండి ఇంకా మిగులుతాయి. నాన్న ముందుకి వంగాడు. నేను ఏడు ముక్క మీద, తర్వాత మూడు ముక్క మీద పిడికిలి వేశాను.

అమ్మ దారం కొరికింది. 

"తప్పు," అంది. "విడివి కలిస్తే ఇంకో కట్ట అవుతుంది. ఆ కట్ట వదిలేశావు."

ఆ మాట అనడానికి ఆమెకెంత కష్టమైందో ఆమె మెడ చూస్తే తెలిసింది. నేను ఎనిమిది మీద పిడికిలి వేశాను, మళ్ళీ మూడు మీద. ఎనభై మూడు.

*

బడి తెరిచాక నన్ను లెక్కల తరగతిలోనే కూర్చోబెట్టారు. అది ముందే చెప్పేస్తున్నాను, ఇప్పుడు చెప్పబోయేది విని నెగ్గామా ఓడామా అని మీరు కంగారుపడకుండా. ఆ ఏడాది కూర్చోబెట్టారు, పైఏడు మళ్ళీ అడ్డం చెప్పారు, మళ్ళీ పోయాం. అలా పదో తరగతి దాకా. నేను ఇక్కడ చెప్పదలచింది మొదటిసారి సంగతి.

పెద్దమేడం పరీక్ష పెడతానని ఒప్పుకోవడమే గొప్ప. అందుకు నాన్న నాలుగు పూటలు కట్టు కాలితో ఆవిడ గది బయట బల్ల మీద కూర్చున్నాడు. ఐదో పూట పిలిచింది.

"పది లెక్కలు. పది నిమిషాలు. అందరు పిల్లలకీ అదే," అంది.

పరీక్షనాడు నాన్న చంకకర్రల మీద, అమ్మ నన్ను తోసుకుంటూ, నా ఒళ్ళో గోనెసంచిలో పది టైల్ ముక్కలు. సంచి కింద పెడితే గది అదిరింది. ఇసుక బస్తాలు తేలేం కాబట్టి అమ్మ రెండు దుప్పట్లు చుట్టి నా పక్కల దూర్చింది.

"ఇవన్నీ ఏమిటి?" అంది పెద్దమేడం.

"దాని పెన్ను," అన్నాడు నాన్న.

అమ్మ ఆవిడ బల్ల మీదున్న ఫైళ్ళు అడక్కుండానే ఎత్తి కిటికీలో పెట్టి, ముక్కల్ని జానెడేసి దూరంలో రెండు వరసలుగా పేర్చింది. పెద్దమేడం కాగితం నా ముందు నిలబెట్టింది. గడియారం చూసుకుంది.

పది నిమిషాలయ్యేసరికి నేను రెండో లెక్కలో ఉన్నాను.

"అయిపోయిందమ్మా, సమయం," అంది నెమ్మదిగా.

నేను తల ఎత్తలేదు. ఎత్తితే మళ్ళీ నిలబెట్టుకోవడానికి నిమిషం పడుతుంది. నాన్న కుర్చీ లాక్కుని కట్టు కాలు ఇంకో కుర్చీ మీద పెట్టుకున్నాడు. ఆ గదిలో ఆ పూట కాపురం పెట్టేవాడిలా సర్దుకున్నాడు.

"పది నిమిషాల్లో అది మంచినీళ్ళు కూడా తాగలేదండీ," అన్నాడు. "లెక్కలొచ్చో రావో చూస్తామన్నారు. త్వరగా చేస్తుందో లేదో అనలేదు."

"నాకు వేరే పనులున్నాయి."

"చేసుకోండి. మేం అడ్డు రాం."

ఆవిడ సంతకాలు చేసుకుంది. ఫోన్లు మాట్లాడింది. విరామం గంట కొట్టారు, పిల్లలు అరిచారు, మళ్ళీ గంట కొట్టారు. నా పిడికిలి అంకెల మీద పడుతూనే ఉంది, ఒక్కోసారి బల్ల మీద, ఒకసారి ఆవిడ పెన్నుల డబ్బా మీద. డబ్బా దొర్లిపోయింది. ఎవరూ తియ్యలేదు. మెడ నరాలు లాగేశాయి. ఏడో లెక్క దగ్గర అమ్మ నా నోరు తుడవడానికి వంగితే తల అడ్డంగా తిప్పాను. ఆమె వెనక్కి తగ్గింది. నా జవాబులు ఆమే కాగితం మీద రాసింది, నేను ముట్టుకున్నది ముట్టుకున్నట్టే. ఒకచోట ఆమె పెన్ను ఆగింది. నేను తప్పు అంకె మీద వేశానని ఆమెకి తెలుసు. అయినా అదే రాసింది.

గంటా ఇరవై నిమిషాలకి పది లెక్కలూ అయ్యాయి.

పెద్దమేడం కళ్ళజోడు పెట్టుకుని దిద్దింది. ఆవిడ మొహంలో ఏదో మారింది, అది జాలి మాత్రం కాదు.

"ఆరు ఒప్పులు," అంది. "నేననుకోలేదు. చాలా బాగుంది, తల్లీ." కాగితం మడిచి సొరుగు లాగింది. "లెక్కల క్లాసుకి పంపండి. టీచరుకి నేను చెబుతాను."

నాన్న కర్రల కోసం చెయ్యి చాపాడు. అమ్మ కళ్ళొత్తుకుంటోంది.

నేను అన్నాను. మొదటిసారి ఆవిడకి అర్థం కాలేదు. ఎప్పట్లాగే అమ్మ వైపు చూసింది, ఏమంటోంది అన్నట్టు.

అమ్మ చీర చెంగు కిందికి దించింది. "నన్ను చూడకండి, మేడం," అంది. "దాన్ని చూడండి. మళ్ళీ చెబుతుంది. వినండి."

సరేనండీ తప్ప మరో మాట తెలియదనుకున్న అమ్మ నోటి వెంట ఆ మాట విని నాన్న కర్రలు వదిలేశాడు. నాకు గొంతు కూడదీసుకోవడానికి కాసేపు పట్టింది. రెండోసారీ ఆవిడకి అందలేదు. ఆవిడ కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నా ముందు వంగి, నా పెదాల వైపు చూసింది. మూడోసారి అన్నాను.

"తప్పులు... ఎక్కడ?"

ఆవిడ నిటారుగా నిలబడింది. వెనక్కి పోయి సొరుగులోంచి కాగితం తీసింది. కిటికీ దగ్గరి కుర్చీ లాక్కొచ్చి నా పక్కన వేసుకుని కూర్చుంది.

"మూడోది," అంది. "నలభై రెండులోంచి పదిహేడు తియ్యమన్నాను. నువ్వు ముప్ఫై అయిదు అన్నావు. రెండులోంచి ఏడు పోదు కదా. నువ్వు తిరగేసి ఏడులోంచి రెండు తీశావు. పక్కనున్న పదుల్లోంచి ఒకటి విప్పి తెచ్చుకోవాలి."

ఆ గొంతు అంతకుముందు నాతో మాట్లాడిన గొంతు కాదు. కొంచెం చిరాకుగా ఉంది, తొందరగా ఉంది, తరగతిలో మిగతా పిల్లలతో మాట్లాడే గొంతు. బయట మధ్యాహ్నం గంట కొట్టారు. ఆవిడ లేవలేదు.

"అర్థమైందా?" అంది.

అవునంటే అక్కడితో అయిపోయేది. నాన్న కాలు అప్పటికే వాచిపోయి ఉంది. అమ్మ మధ్యాహ్నం పనికి పోవాలి.

"లేదు," అన్నాను.

ఆవిడ ఒక నిట్టూర్పు విడిచి, కాగితం తిరగేసి, పెన్ను మూత తీసి మళ్ళీ మొదలుపెట్టింది.